హారన్ బొంగురుపోతే ముందు స్టీరింగ్ విప్పించకండి

బాబూ, మీరు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైన సంగతి ఇది. ఇల్లు బారువలో, ఉద్యోగం పలాసలో, రోజూ హైవే మీద రాకపోకలు. 2013 మోడల్ పెట్రోల్ చిన్న కారు, మూడేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. వాన పడిన రోజు హారన్ బొంగురుగా వస్తోంది, ఒక్కోసారి అసలు రావడం లేదు. ఎండ కాస్తే మళ్ళీ మామూలే. ఏడాదిలో రెండుసార్లు కొత్త హారన్ల జత వేయించారు. రెండు నెలలు బాగుండి మళ్ళీ అదే గొంతు. ఇప్పుడు మెకానిక్ స్టీరింగ్ విప్పి క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ ఎంత తిప్పినా దాని మీది బటన్ల కనెక్షన్ తెగకుండా ఉంచే చుట్ట) మార్చాలంటున్నాడు. మార్పించాలా వద్దా అని అడిగారు.

ఇప్పుడే వద్దు. శ్రీకాకుళంలో ఇరవై ఎనిమిదేళ్ళుగా బళ్ళ వైరింగ్ పనే చేస్తున్నాను. బొంగురు గొంతుతో వచ్చిన హారన్‌కి స్టీరింగ్ కారణమైన సందర్భం నా చేతుల మీదుగా ఒక్కటి కూడా పోలేదు. ఎందుకో చెప్తాను. అది తెలిస్తే ఈ పని సగం మీరే చేసుకోగలరు.

హారన్‌కి కరెంటు వెళ్ళే దారులు రెండు. ఒకటి చిన్న దారి: మీరు నొక్కే బటన్, దాని కింద క్లాక్ స్ప్రింగ్, అక్కడి నుంచి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు) లోపలి కాయిల్. ఈ దారిలో నడిచేది చాలా తక్కువ కరెంటు, 0.2 ఆంపియర్ లోపే. దాని పని రిలేని లేపడం ఒక్కటే. రెండోది పెద్ద దారి: బ్యాటరీ, ఫ్యూజు, రిలే పాయింట్లు (కరెంటుని కలిపి విడదీసే లోహపు కొసలు), అక్కడి నుంచి బంపర్ వెనక ఉన్న హారన్, హారన్ నుంచి ఎర్త్, అంటే బండి బాడీ ద్వారా తిరిగి బ్యాటరీ నెగటివ్. ఒక్కో హారన్ 4 నుంచి 5 ఆంపియర్లు లాగుతుంది. జత అయితే 8 నుంచి 10. చిన్న దారి తెగితే హారన్ రాదు, కలిస్తే వస్తుంది. లూజుగా ఉంటే తెగి తెగి వస్తుంది. అంతేగాని రిలే ఒకసారి లేచాక హారన్‌కి ఎంత కరెంటు అందాలన్నది ఆ బటన్ చేతిలో ఉండదు. గొంతు బొంగురుపోయిందంటే హారన్‌కి చాలినంత కరెంటు అందడం లేదు, లేదా హారన్ లోపలే చెడింది. రెండూ పెద్ద దారిలోని విషయాలే. మీ బండి వాన రోజు బొంగురుపోయి, తడి ఎక్కువైతే మూగబోతోంది. ఈ వరస చూస్తే నాకు గుర్తొచ్చేది స్టీరింగ్ కాదు, బంపర్ వెనక పట్టిన చిలుము.

అయినా నా మాట మీద నమ్మకంతో వదిలేయకండి, పరీక్ష చేయండి. ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఈసారి వాన పడి హారన్ మొరాయించిన రోజునే చేయాలి, ఎండ రోజు చేస్తే ఏమీ తెలియదు. బానెట్ ఎత్తి ఇంజను పక్కనున్న ఫ్యూజు బాక్సు మూత తీయండి. మూత లోపలివైపు బొమ్మ ఉంటుంది, అందులో హారన్ రిలే ఎక్కడుందో చూసి దాని మీద వేలు ఆనించండి. ఇంజను ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, ఇంట్లోవాళ్ళను హారన్ నొక్కమనండి. నొక్కిన ప్రతిసారీ వేలికి టక్ మని తగిలిందంటే బటన్, క్లాక్ స్ప్రింగ్, రిలే కాయిల్ మూడూ సవ్యంగా ఉన్నట్టే. రిలే టక్ మంటూ హారన్ పలకకపోతే స్టీరింగ్ విప్పాల్సిన పని లేదు. మీ మెకానిక్‌ని కూడా పక్కన నిలబెట్టి చూపించండి. మంచి పనివాడైతే వెంటనే ఒప్పుకుంటాడు.

టక్ మంటే తర్వాత రిలేనే మార్చి చూడాలి. అదే బాక్సులో అదే నంబరు అచ్చువేసిన మరో రిలే సాధారణంగా ఉంటుంది. రెండూ అటుదిటు ఇటుదటు చేసి చూడండి. కాయిల్ బాగుండి లోపలి పాయింట్లు కాలిపోయిన రిలే కూడా టక్ మంటూనే ఉంటుంది, కరెంటు మాత్రం దాటనివ్వదు. కొన్ని బళ్ళలో రిలే బోర్డులోనే అతికి ఉంటుంది, బయటికి రాదు. అలాంటప్పుడు దాన్ని వదిలేసి నేరుగా హారన్ దగ్గరికి వెళ్ళండి. ఫ్యూజు గురించి మీ విషయంలో పెద్దగా చెప్పక్కర్లేదు, ఎండ కాస్తే హారన్ వస్తోందంటే అది పోలేదన్నమాటే. ఇది చదివే వేరేవాళ్ళకి ఒక సూచన: చాలా బళ్ళలో హారన్‌కీ హజార్డ్ లైట్లకీ ఫ్యూజు ఒకటే ఉంటుంది. మూత మీద బొమ్మ అలా చూపిస్తుంటే, నాలుగు ఇండికేటర్లూ వెలుగుతున్నాయా అని ఒక్కసారి చూస్తే ఫ్యూజు సంగతి తేలిపోతుంది.

ఇక అసలు చోటు, హారన్ దగ్గర. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, మీ డబ్బు రెండుసార్లు పోయింది ఇక్కడే.

హారన్ మన ఇంటి కరెంటు బెల్లు లాంటిదే. లోపల ఒక కాయిల్, ఒక పల్చటి ఉక్కు రేకు, ఒక జత పాయింట్లు. కరెంటు రాగానే కాయిల్ రేకుని లాగుతుంది. రేకు లోపలికి రాగానే పాయింట్లు విడిపోతాయి, కరెంటు ఆగుతుంది, రేకు వెనక్కి కొట్టుకుంటుంది, పాయింట్లు మళ్ళీ కలుస్తాయి. ఇది సెకనుకి సుమారు 400 సార్లు జరిగితే మంద్రస్వరం హారన్, సుమారు 500 సార్లు జరిగితే తారస్వరం హారన్. జతలో ఒకటి అది, ఒకటి ఇది. 12 వోల్టులు అందాల్సిన చోట 9 అందితే కాయిల్‌కి రేకుని పూర్తిగా లాగే బలం చాలదు. రేకు సగం సగం కొట్టుకుంటుంది. మీరు వింటున్న బొంగురు అదే. జతలో ఒకటి మాత్రమే పలికినా వినేవాళ్ళకి గొంతు మారినట్టే ఉంటుంది, కాబట్టి ఒక్కోదాని కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్గు) పీకి రెండూ విడివిడిగా పలుకుతున్నాయో లేదో చూడండి.

హారన్‌కి కరెంటు వస్తోందా అని మల్టీమీటర్ పెట్టి చూస్తారు చాలామంది. కప్లర్ పీకి, మీటరు పెట్టి, 12.5 చూపించగానే "కరెంటు బాగుంది, హారన్ పోయింది" అనేస్తారు. మీ విషయంలో రెండుసార్లు జరిగింది ఇదేనని నా అనుమానం. మీటరు దాదాపు ఏ కరెంటూ లాగదు. వైరులో ఒక్క పోగు మిగిలినా, టెర్మినల్ నిండా చిలుము పట్టినా మీటరుకి పూర్తి వోల్టేజే కనిపిస్తుంది. హారన్ తగిలించి 5 ఆంపియర్లు లాగేసరికి ఆ చిలుము దగ్గరే వోల్టులు ఆగిపోతాయి. దారిలో అర ఓము అడ్డం ఉన్నా చాలు, రెండు వోల్టులకు పైగా అక్కడే పోతాయి.

ఈ సంగతి నాకు బాగా మనసుకెక్కింది కళింగపట్నం నుంచి వచ్చే ఒక మాస్టారి కారు వల్ల. పని నేర్చుకున్న కొత్తలో ఆయన బండికి మీటరు చూసి హారన్ మార్చాను. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చారు, మళ్ళీ మార్చాను. మూడోసారి మా గురువుగారు మీటరు పక్కన పెట్టించి, పాత హెడ్‌లైటు బల్బు ఒకటి తెచ్చి హారన్ కప్లర్‌కి తగిలించారు. అది పూర్తిగా వెలగాల్సింది, మిణుకుమిణుకుమంది. వైరు పైతోలు ఒలిచి చూస్తే లోపల రాగి పోగులు జానెడు దూరం బొగ్గులా నల్లబడి ఉన్నాయి. ఉప్పు తడి కప్లర్ దగ్గర మొదలై వైరు లోపల్లోపలే పాకింది. పైకి వైరు కొత్తదానిలాగే ఉంది. మాస్టారు కొన్న రెండు హారన్లూ బాగున్నవే. అప్పటి నుంచి హారన్ పనిలో బల్బు లేకుండా నేను తీర్పు చెప్పను.

కాబట్టి మీరూ ఒక పాత హెడ్‌లైటు బల్బు సంపాదించండి. 55 వాట్లదైతే సుమారు 4.5 ఆంపియర్లు లాగుతుంది, అంటే ఒక హారన్ లాగినంత. హారన్ కప్లర్ పీకి రెండు వైర్లకీ బల్బు తగిలించి హారన్ నొక్కించండి. తెల్లగా వెలిగిందంటే కరెంటు దారి బాగుంది, హారన్‌నే అనుమానించాలి. ఎర్రగా, మందంగా వెలిగిందంటే దారిలో అడ్డం ఉంది. కాసేపట్లో వేడెక్కిపోతుంది, గాజుని చేత్తో పట్టుకోకండి. మీ హారన్‌కి ఒక్క వైరే ఉండి, బాడీ ద్వారా ఎర్త్ తీసుకునే రకమైతే బల్బు రెండో కొసని హారన్ బిగించిన పట్టీకే ఆనించాలి, ఆ పట్టీ కూడా పరీక్షలోకి రావాలి కదా.

బల్బు మందంగా వెలిగితే ముందు ఎర్త్ చూడండి. బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక మంచి వైరు లాగి బల్బు ఎర్త్ కొసకి తగిలించండి. వెంటనే తెల్లబడితే పట్టీ బోల్టు దగ్గర తుప్పే దొంగ. మన తీరంలో పదిలో ఆరేడు బళ్ళకి ఇదే, ఇది నా షెడ్డు అనుభవం. బోల్టు విప్పి, పట్టీ కిందా బాడీ మీదా ఉప్పుకాగితంతో మెరిసేదాకా గీకి, బిగించాక పైన కొంచెం గ్రీజు గానీ వాజ్‌లైన్ గానీ పూయండి. ముందు పూసి తర్వాత బిగించడం కంటే బిగించి పైన పూయడం మేలు. ఎర్త్ వైరు మార్చినా బల్బు తెల్లబడకపోతే పాజిటివ్ వైపు అడ్డం ఉంది. కప్లర్ లోపలి ఆకు, దాని వెనక వైరు, ఎవరో మధ్యలో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఉంటే అది, ఈ వరసలో చూడండి. రెండుసార్లు హారన్ మారింది కాబట్టి అలాంటి అతుకు మీ బండిలో ఉండే ఉంటుంది. నల్లబడిన రాగిని గీకి లాభం లేదు, మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి కొత్త వైరు వేయించండి. అతుకు టంకం పెట్టించి, పైన వేడికి ముడుచుకునే ట్యూబు తొడిగించండి. ఉత్త టేపు మన ఉప్పుగాలికి ఒక వానాకాలం కూడా ఆగదు.

మీటరు ఉన్నవాళ్ళు ఇదే పనిని అంకెల్లో చూసుకోవచ్చు, షరతు ఒక్కటే: హారన్ తగిలించి ఉండాలి, అది మోగుతుండగా చూడాలి. ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కీ, రెండోది హారన్ ఎర్త్‌కీ పెడితే 0.2 వోల్టులకు మించకూడదు. బ్యాటరీ పాజిటివ్ నుంచి హారన్ పాజిటివ్‌కి చూస్తే 0.5 లోపు ఉండాలి. ఎటువైపు ఎక్కువ చూపిస్తే రోగం అటువైపు.

బారువ గురించి ఒక మాట. సముద్రం పక్కనే ఇల్లు, బండి ముఖం రోజూ ఉప్పుగాలిలో ఉంటుంది, హారన్ ఉండేది ఆ ముఖం వెనకే. దీనికి తోడు మీ బండి 2013 మోడల్ అన్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ వారం ఈ బండి ఎక్కడుందో అమ్మినవాళ్ళను ఒకసారి అడగండి. అప్పుడు నీళ్ళలో నిలిచిన బళ్ళు చాలా కాలం వరకు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. ఒకదానికి హారన్, ఒకదానికి రేడియేటర్ ఫ్యాను, ఒకదానికి హెడ్‌లైటు. చూస్తే అన్నిటికీ మూలం ముందువైపు ఎర్త్ బోల్టులూ కప్లర్లే. మీ బండి కూడా అందులోదైతే హారన్ పనితోపాటు ముందువైపు ఎర్త్‌లన్నీ ఒకేసారి శుభ్రం చేయించండి.

ఇక కొత్త హారన్లు రెండు నెలలకే ఎందుకు పోతున్నాయన్నది. బంపర్ పై సందులోంచి టార్చి వేసి వాటి మూతి ఎటు తిరిగి ఉందో చూడండి. నత్తగుల్ల ఆకారంలో ఉండే హారన్‌కి మూతి కిందికి ఉండాలి. చోటు చాలక పైకో ముందుకో తిప్పి బిగిస్తే వాన నీరు, సర్వీసింగ్‌లో ప్రెషర్‌తో కొట్టే నీరు నేరుగా లోపలికి పోయి రేకు మీద నిలుస్తాయి. ఉప్పుతో కలిసిన ఆ నీళ్ళకి రేకు తుప్పుపట్టడానికి రెండు నెలలు చాలు. నీళ్ళు నిండినప్పుడు గొంతు గరగరమంటుంది, ఎండకి ఆరితే తేరుకుంటుంది. మీరు చెప్పిన లక్షణంతో ఇదీ సరిపోతుంది. విప్పి, బోర్లించి ఊపి, ఎండలో ఆరబెట్టి, బ్యాటరీకి ఫ్యూజు ఉన్న వైరుతో నేరుగా తగిలించి రెండు సెకన్లు మోగించండి. అప్పుడు గట్టిగా పలికితే పారేయకండి, మూతి కిందికి తిప్పి బిగించుకోండి. హారన్ ఒంటికి బంపర్ గానీ రేడియేటర్ పట్టీ గానీ ఆనుకోకుండా చూడండి, ఆనితే గొంతు మూసుకుపోతుంది.

హారన్ వెనక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే గొంతు తెరుచుకుంటుందని ఎవరైనా చెప్పి ఉండొచ్చు. నిజమే, అది పాయింట్ల సందుని సరిచేస్తుంది. అన్ని హారన్లకీ ఉండదు. ఉంటే, కరెంటు దారి బాగుందని బల్బుతో తేల్చుకున్నాకే దాన్ని ముట్టుకోండి. మొదట ఉన్న చోటు పెయింటుతో గుర్తు పెట్టుకుని, పావు చుట్టుకి మించకుండా అటూ ఇటూ తిప్పి చూడాలి. నడిమధ్యలో ఉండే పెద్ద నట్టుని మాత్రం కదపకండి, అది రేకుని పట్టి ఉంచేది. కదిపితే హారన్ ఇక బాగుపడదు.

మీరు వేయించినది జత అన్నారు. కంపెనీ ఇచ్చినది ఒక్కటే హారన్ అయ్యుంటే ఇంకో చిక్కుంది. ఒక్కదానికి వేసిన సన్నటి వైరు మీద ఇప్పుడు రెండింటి భారం పడుతోంది. అలా అయితే వేరే రిలే పెట్టించండి. బ్యాటరీ పాజిటివ్ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజుతో, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు రిలే 30వ కాలికి (పిన్నుకి). 87వ కాలి నుంచి రెండు హారన్లకీ. 85, 86 కాళ్ళకి పాత హారన్ కప్లర్‌లోని రెండు వైర్లు. పాతది ఒంటి వైరుదైతే ఒక కాలికి అది, రెండో కాలికి ఎర్త్. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. ఫ్యూజు పోతోందని పెద్దది వేసేవాళ్ళున్నారు, దయచేసి అలా చేయకండి, వైరు కాలుతుంది. పనిలో పనిగా రకరకాల స్వరాలు వరసగా పలికే హారన్ ఎవరైనా అంటగడితే వద్దనండి. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 119వ నిబంధన దాన్ని ఒప్పుకోదు. అవసరం లేకుండా హారన్ మోగిస్తే మోటారు వాహనాల చట్టం 194ఎఫ్ కింద మొదటిసారి 1,000, మళ్ళీ అయితే 2,000 రూపాయల జరిమానా కూడా ఉంది.

మరి క్లాక్ స్ప్రింగ్ ఎప్పుడు చెడినట్టు? హారన్ నొక్కినా రిలే టక్ మనదు. స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడు వచ్చి, తిప్పినప్పుడు పోతుంది. డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరదు. స్టీరింగ్ మీద ఆడియో బటన్లుంటే అవీ పనిచేయవు. వాన, ఎండ దానికి పట్టవు, అది ఉండేది బండి లోపల. ఇందులో ఒక్కటీ మీరు రాయలేదు. నిజంగా మార్చాల్సివస్తే అది ఇంట్లో చేసే పని కాదు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్‌ని బ్యాటరీ నెగటివ్ తీసి, కనీసం పది నిమిషాలు ఆగాకే ముట్టుకోవాలి. పసుపు రంగు కప్లర్లలో మీటరు గానీ బల్బు గానీ ఎప్పుడూ పెట్టకూడదు. ఈ రెండు మాటలూ చెప్పకుండా స్టీరింగ్ మీద చెయ్యి వేసేవాళ్ళకి బండి ఇవ్వకండి.

ఇంకొక్కటి, మీరు అడగలేదు గానీ ఇలాంటి బళ్ళకి జరుగుతుంది. బటన్ నుంచి రిలేకి వెళ్ళే వైరు తడికి ఎక్కడైనా బాడీకి తగిలితే హారన్ తనంతట తానే మోగి ఆగదు. చాలా బళ్ళలో బటన్ చేసే పని ఆ వైరుని ఎర్త్‌కి కలపడమే, అందుకే ఒలిచిన వైరు బాడీకి తగిలినా బటన్ నొక్కినట్టే. అర్ధరాత్రి అలా మొదలైతే టెన్షన్ పడి వైర్లు కోసేయకండి. హారన్ రిలే పీకేయండి, లేదా ఫ్యూజు తీసేయండి. ఆ రెండూ ఎక్కడున్నాయో ఈ ఆదివారమే చూసి పెట్టుకోండి.

బాగయ్యేదాకా సోంపేట నుంచి ఇంటికి వచ్చేటప్పుడు తోటల మలుపుల్లో నెమ్మదిగా రండి. పొద్దుగూకే వేళ పశువులు ఇళ్ళకి మళ్ళుతుంటాయి, చీకట్లో సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు ఉంటారు, మలుపు అవతల మీరున్నట్టు వాళ్ళకి తెలిసేది హారన్ వల్లే. సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు వెళ్ళే పని ఉంటే ఈ బండితో అసలు వెళ్ళొద్దు.

వాన పడ్డ రోజు రిలే మీద వేలు పెట్టి చూసి, బల్బు ఎలా వెలిగిందో రాయండి. హారన్ల మూతి ఎటుందో ఫోటో తీసి పెట్టగలిగితే ఇంకా మంచిది. రిలే టక్ మనకపోతే అప్పుడు స్టీరింగ్ సంగతి మాట్లాడదాం.